పేపర్లో పేరు రాని వాళ్లు

2000 సెప్టెంబరు 19. ఆస్ట్రేలియా దేశంలోని సిడ్నీ నగరం. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి రెండు విడతల్లో 110, 130 కిలోల బరువులు ఎత్తింది. కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమే.

ఆ కబురు మన పేపర్లో వచ్చింది. ఎలా వచ్చింది?

పోటీ అయ్యాక ఆటగాళ్లు ఒక కంచె పక్కగా నడిచి వస్తారు. కంచె అవతల విలేకరులు ఉంటారు. ప్రశ్నలు అడుగుతారు. వాళ్లకు సాయంగా వాలంటీర్లు ఉంటారు. ఆటగాళ్ల మాటలు రాసుకుంటారు. ఫలితాల కాగితాలు పంచుతారు.

సిడ్నీలో అన్ని పనులకూ కలిపి 40 వేల మందికి పైగా వాలంటీర్లు జీతం లేకుండా పనిచేశారు. వాళ్ల పేర్లు పేపర్లో రావు. కానీ ఒక్క అంకె తప్పు రాస్తే లోకమంతా తప్పే చదువుతుంది. అందుకే రాసింది మళ్లీ చదివి చూసుకోవాలి.

సంతకం పెట్టే ముందు మనమూ అంతే!