జబ్బును దాచుకోనక్కర లేని చోటు

మన కుటుంబాలలో యజమానులూ ఉన్నారు, పనివారూ ఉన్నారు. ఒకే ఇంట్లో అన్న బట్టల దుకాణం నడుపుతుంటే, తమ్ముడు మరొకరి బేకరీలో జీతానికి పనిచేస్తుంటాడు. కాబట్టి ఈ విషయాన్ని మనం రెండు వైపుల నుంచీ ఆలోచించాలి.

మేమెరిగిన ఒక బట్టల దుకాణంలో పదేళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగి ఒక మధ్యాహ్నం చీరలు విప్పి చూపుతూనే చెమటలు పట్టి కూలబడ్డాడు. నాలుగేళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్నాడని అప్పుడే అందరికీ తెలిసింది. ఉదయం సూది వేసుకున్నాడు. గిరాకీ రద్దీలో భోజనవేళ దాటిపోయింది. "ముందే ఎందుకు చెప్పలేదు భాయ్?" అని యజమాని నొచ్చుకుంటే, "చెబితే పనిలో ఉంచుకుంటారో లేదోనని భయపడ్డాను సాబ్" అన్నాడు.

అసలు ప్రమాదం ఆ భయంలోనే ఉంది. మధుమేహం, ఉబ్బసం, మూర్ఛ, మూత్రపిండాల వ్యాధి వంటివి ఏళ్ల తరబడి వెంట ఉండే జబ్బులు. అయినా వేళకు మందు, వేళకు తిండి, తగిన విశ్రాంతి దొరికితే వీరిలో ఎందరో దశాబ్దాల పాటు చక్కగా పనిచేయగలరు. జబ్బును దాచవలసి వచ్చినప్పుడు మాత్రం మందు తప్పుతుంది, భోజనం తప్పుతుంది, చివరకు మనిషే పడిపోతాడు.

యజమాని చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఇన్సులిన్ తీసుకునేవారికి భోజనవేళ తప్పనివ్వకూడదు. వాడని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి; రేకుల షెడ్డు వేడికి అది పాడైపోతుంది. రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి తరలించాలి. డయాలసిస్ చేయించుకునే వ్యక్తికి సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు పడుతుంది. పనివేళలు కాస్త మారిస్తే అతని జీవనాధారం నిలుస్తుంది. దుకాణాలలో పనివారు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. మన దుకాణంలో ఒక స్టూలు వేయడానికి చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదు.

రమజాన్ మాసంలో మరింత జాగ్రత్త అవసరం. ఉపవాసం ఉండవచ్చా లేదా అన్నది రోగి ముందుగానే వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి. అనారోగ్యం వల్ల ఉపవాసం పాటించలేని వ్యక్తిని నలుగురిలో కారణం అడగడం అతని మనసును గాయపరచడమే. ఏ నెలలోనైనా సరే, ఒకరు నమ్మి చెప్పిన జబ్బు సంగతి అతని అనుమతి లేకుండా తోటివారికి చేరకూడదు.

చట్టం కొంత అండగా ఉంది. ఈఎస్‌ఐ పరిధిలోని ఉద్యోగికి అర్హతను బట్టి అనారోగ్య కాలంలో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం లభిస్తుంది. క్షయ, క్యాన్సర్ వంటి నిర్దేశిత దీర్ఘవ్యాధులకు నిబంధనల మేరకు రెండేళ్ల వరకు 80 శాతం అందుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులను కూడా గుర్తించింది. కానీ మధుమేహం, రక్తపోటు ఆ జాబితాలో లేవు. నలుగురైదుగురు పనిచేసే చిన్న దుకాణంలో చాలాసార్లు యజమాని మంచితనమే పనివాడికి రక్షణ.

పనివారికీ ఒక బాధ్యత ఉంది. జబ్బును పని ఎగవేతకు సాకు చేసుకోకూడదు. ఆసుపత్రి తేదీని ముందుగా చెప్పి, ఆ రోజు పని ఎవరు చూస్తారో కూడా మాట్లాడుకుంటే యజమాని నమ్మకం నిలుస్తుంది.

ఆ బట్టల దుకాణంలో ఇప్పుడు కౌంటర్ వెనుక ఒక స్టూలు ఉంది, సొరుగులో చక్కెర డబ్బా ఉంది. గిరాకీ ఎంత ఉన్నా ఒంటిగంటకు ఆయన భోజనానికి లేస్తాడు. ఇది చూసిన మరో యువకుడు కొద్ది రోజులకే యజమానిని ఒంటరిగా కలిసి, తనకు మూర్ఛ ఉందనీ మందులు వాడుతున్నాననీ చెప్పాడు. అప్పటినుంచి అతన్ని ఎత్తైన అరల నిచ్చెన ఎక్కనివ్వడం లేదు.

మన దగ్గర పనిచేసేవారిలో ఎవరు ఏ జబ్బును దాచుకుని ఉన్నారో మనకు తెలియదు. వారు ధైర్యంగా వచ్చి చెప్పుకోగలిగేలా మనం ఉన్నామా? ఈ రాత్రి షట్టరు దించే ముందు ఒకసారి ఆలోచిద్దాం.