ఇచ్చేయడానికే అతికించుకునే ప్రోటీన్

"పరీక్షనాళికలో గ్లోబిన్‌కు హీమ్ కలిపితే దానంతటదే వెళ్ళి కుదురుకుంటుంది కదా, మరి సైటోక్రోమ్ సి అనే చిన్న ప్రోటీన్‌కు హీమ్ తొడగడానికి ఈ.కోలై బ్యాక్టీరియా ఎనిమిది ప్రోటీన్లను ఎందుకు పోషిస్తోంది?" అని ఒక పాఠకురాలు రాశారు. ఈ ప్రశ్న చదివాక వేరే విషయం రాయబుద్ధి కాలేదు.

హీమ్ అంటే నడుమ ఇనుము ఉన్న చదునైన వలయం. ఆ ఇనుము ద్వారా ఎలక్ట్రాన్లను చేరవేసేవి సైటోక్రోములు. శ్వాసక్రియ నడిచేది వాటి మీదే. 1880లలో మ్యాక్‌మన్ అనే వైద్యుడు వర్ణపటదర్శినిలో వీటి చారలు చూసి ప్రకటిస్తే, ఆనాటి మహాపండితుడు హొప్పె-జైలర్ కొట్టిపారేశాడు. 1925లో డేవిడ్ కీలిన్ మళ్ళీ చూసి పేరుపెట్టేదాకా ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి మ్యాక్‌మన్ బతికి లేడు.

హీమోగ్లోబిన్‌లో లేని చిక్కు సి రకం సైటోక్రోముల్లో ఉంది. ఇక్కడ హీమ్ ఊరికే కుదురుకుంటే చాలదు, ప్రోటీన్‌లోని రెండు సిస్టీన్ అమైనో ఆమ్లాల గంధకంతో గట్టి సమయోజనీయ బంధాలు ఏర్పడాలి. పైగా హీమ్ తయారయ్యేది కణం లోపల, అతికేది కణత్వచానికి అవతల. విడిగా తిరిగే హీమ్ పెరాక్సైడ్లతో కలిసి కొవ్వులనూ ప్రోటీన్లనూ పాడుచేస్తుంది. అందుకే దాన్ని చేతులు మార్చుతూ తీసుకెళ్ళాలి.

ఆ చేతులే పాఠకురాలు అడిగిన ఎనిమిది సీసీఎమ్ ప్రోటీన్లు. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సీసీఎమ్‌ఈ. హీమ్‌కు తోడుగా వెళ్ళే ప్రోటీన్ కాబట్టి దీన్ని హీమ్ షాపరోన్ అంటారు. తోడు వెళ్ళేది వదులుగా పట్టుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. 1998లో జ్యూరిచ్‌లోని ఈటీహెచ్‌లో లిండా థోనీ-మేయర్ బృందం చూపింది దీనికి పూర్తిగా ఎదురు: సీసీఎమ్‌ఈ హీమ్‌ను సమయోజనీయ బంధంతోనే తనకు అతికించుకుంటుంది! పట్టకారుకు నిప్పుకణికను వెల్డింగ్ చేసినట్టన్నమాట. బంధం పడేది 130వ స్థానంలోని హిస్టిడీన్ దగ్గర. ఆ ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చేస్తే సైటోక్రోమ్ సి తయారీ ఆగిపోతుంది. అంటే ఆ అతుకు యాదృచ్ఛికం కాదు, దారిలో తప్పనిసరి మజిలీ. ఇంకా విశేషం, ఆ హిస్టిడీన్ ఏ లోతైన గదిలోనూ దాక్కుని లేదు. పీపా ఆకారపు ప్రోటీన్ ఉపరితలం మీద, కదలాడే తోక మొదట్లో ఉంది. తీసుకోవడానికీ ఇవ్వడానికీ అదే సరైన చోటు.

అతికించేది ఎవరు? కణత్వచంలోని సీసీఎమ్‌సీ. అక్కడ హీమ్‌లోని ఇనుము మూడు ధనావేశాల స్థితిలో ఉంటుంది. పక్కనే సీసీఎమ్‌ఏ, సీసీఎమ్‌బీ జంట కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుచేస్తూ కనిపించేసరికి, హీమ్‌ను బయటికి నెట్టే పంపు ఇదేనని చాలామంది తీర్మానించారు. చూడగానే ఎవరికైనా తోచే ఊహే, కానీ తప్పు. ఏటీపీని విడగొట్టలేని సీసీఎమ్‌ఏ ఉన్న కణాల్లోనూ హీమ్ సీసీఎమ్‌ఈకి చేరింది! ఆ శక్తి ఖర్చయ్యేది హీమ్‌ను మోసుకున్న సీసీఎమ్‌ఈని సీసీఎమ్‌సీ పట్టునుంచి విడిపించడానికి. అయినా జన్యు పట్టికల్లో 'హీమ్ ఎగుమతి ప్రోటీన్' అన్న పాత పేరు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. సరిచేయాల్సిన పేరు అది.

అంత గట్టి అతుకు మరి ఎలా ఊడుతుంది? సీసీఎమ్‌ఎఫ్ దగ్గర. దానికి సొంత హీమ్ ఒకటి ఉంది. సెయింట్ లూయిస్‌లో రాబర్ట్ క్రాంజ్ బృందం 2009లో చెప్పిన ప్రకారం, ఆ సొంత హీమ్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ అతిథి హీమ్ ఇనుమును రెండు ధనావేశాల స్థితికి దించుతుంది. హిస్టిడీన్ బంధం విడిపోవడానికి అది దారితీస్తుంది. హీమ్‌ను అతికించడానికి ఒక హీమ్‌నే వాడుకోవడం! ఈలోగా సైటోక్రోమ్ సిస్టీన్లు ఒకదానితో ఒకటి ముడిపడిపోకుండా చూసే పని సీసీఎమ్‌జీ, సీసీఎమ్‌హెచ్‌లది.

ఉపయోగమా? ఈ ప్రోటీన్ల జన్యువులన్నీ ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో పెట్టి, ఇతర జీవుల సైటోక్రోములను ఈ.కోలైలో తయారుచేస్తున్నారు. ప్రయోగశాలలకు అది పెద్ద సాయమే. కానీ ఇంత సొగసైన యంత్రాన్ని ముందు ఉపయోగంతో తూచడం నాకు నచ్చదు.

ప్రశ్న అడిగిన పాఠకురాలికి ఇంకొక్క మాట. మన కణాల్లో ఈ పనంతా ఒకే ఒక ఎంజైమ్ చేసేస్తుంది, షాపరోన్ అక్కర్లేదు. ఈస్ట్‌లోనూ షాపరోన్ లేదు, కాకపోతే అక్కడ అలాంటి ఎంజైములు రెండు. మొక్కలు మాత్రం బ్యాక్టీరియా పద్ధతినే ఉంచుకున్నాయి. వరి మైటోకాండ్రియా డీఎన్ఏలో సీసీఎమ్‌బీ, సీసీఎమ్‌సీ, సీసీఎమ్‌ఎఫ్ జన్యువులు నేటికీ ఉన్నాయి.