వలస కుటుంబాల ఆర్థిక స్థిరత్వం: మదీనా నేర్పిన పాఠం

పుట్టిన ఊరు విడిచిన కుటుంబం కొత్త చోట తన కాళ్ళపై తాను నిలబడడానికి ఎంతకాలం పడుతుంది? మదీనా చరిత్రలో దీనికి సమాధానం ఉన్నది.

క్రీ.శ. 622లో మక్కానుండి వలస వచ్చిన ముహాజిర్లలో చాలామంది ఆస్తిపాస్తులు అక్కడే వదలి వట్టి చేతులతో వచ్చారు. అన్సార్లు తమ ఖర్జూర తోటలను వారికి పంచి ఇస్తామన్నారు. దైవప్రవక్త (స) సమ్మతించలేదు. ముహాజిర్లు తోటపని చేయాలనీ, ఫలసాయంలో భాగం పొందాలనీ ఏర్పాటు జరిగింది. కొందరు అన్సార్లు పండ్లు తినేందుకు కొన్ని చెట్లను కూడా ఇచ్చారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపగా, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనను దీవించి, బజారు దారి చూపితే చాలునన్నారు. బనూ ఖైనుఖా బజారులో నెయ్యి, ఎండబెట్టిన పెరుగుతో వ్యాపారం ఆరంభించారు. కొంతకాలానికి వివాహం చేసుకొని, ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చారు. ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా చేయమని ప్రవక్త (స) చెప్పారు.

628లో ఖైబర్ విజయానంతరం ముహాజిర్లకు సొంత ఆదాయం ఏర్పడింది. అప్పుడు వారు అన్సార్ల చెట్లను తిరిగి అప్పగించారు. అంటే ఆరేళ్ళు పట్టింది. స్వయంగా ప్రవక్త (స) మధ్య నివసించిన సమాజానికే ఇంత వ్యవధి అవసరమైతే, మనం రెండేళ్ళలో మేడ కట్టాలని ఆత్రపడడం సమంజసమా?

సత్తెనపల్లి పరిసరాలు పత్తికి, మిరపకు పేరుపొందినవి. ఒకప్పుడు నూర్‌బాషీయులు విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి దూది ఏకేవారు. యంత్రాలు వచ్చి ఆ వృత్తి సన్నగిల్లాక పట్టణాలు చేరి పరుపుల పనో, చిల్లర వ్యాపారమో చేపట్టినవారున్నారు. మిరప కోతల కాలంలో కర్నూలు ప్రాంతంనుండి కూలి కుటుంబాలు ఈ వైపు తరలివస్తాయి. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత తెలుగువారికి గల్ఫ్ దారి కూడా తెరుచుకున్నది. దారులు వేరైనా వీరందరినీ వెంటాడే ప్రమాదం ఒకటే. అది వడ్డీ.

లెక్క చూడండి. వీసా కోసం లక్ష రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే, నెలకు 3,000 రూపాయలు కట్టాలి. రెండేళ్ళ ఒప్పందం ముగిసేసరికి 72,000 రూపాయలు కట్టినా అసలు తరగదు. వడ్డీని ఇస్లాం నిషేధించింది ఇలాంటి కుటుంబాన్ని కాపాడడానికే. బంధువులు, జమాఅత్ వారు కలిసి ఖర్జె హసనా, అనగా వడ్డీలేని అప్పు సమకూర్చగలిగితే, అదే నేటి అన్సార్ల పని. ఆ అప్పును వ్రాసుకొమ్మని ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది.

తరువాతి క్రమం కూడా ముఖ్యమే. మొదట అప్పు తీరాలి. పిదప జబ్బు వచ్చినా, పని పోయినా మూడు నాలుగు నెలలు ఇల్లు గడిచే నిల్వ ఉండాలి. ఆ తరువాత పిల్లల చదువు, పనిముట్లు, చిన్న వ్యాపారం. ఇల్లు చివరికి. పెండ్లిళ్ళలో ఆడంబరం ఏ దశలోనూ తగదు. ఇంటి దగ్గరి ఇల్లాలికి జమాఖర్చు తెలియాలి. పంపిన సొమ్ము నిలిచేది ఆమె చేతిలోనే. కొద్దిదైనా నిలకడగా చేసే పని అల్లాహ్‌కు ప్రియమైనదని ప్రవక్త (స) బోధించారు.

స్థిరత్వానికి గుర్తు మేడ కాదు. పొందిన సాయాన్ని తిరిగి ఇవ్వగలగడం, నిసాబు మేరకు సొమ్ము చేరి ఏడాది నిలిచాక నూటికి రెండున్నర చొప్పున జకాత్ తీయగలగడం. నిన్న చేయి చాచిన ఇల్లు నేడు మరొక ముహాజిర్‌కు చెట్టు చూపగలిగితే, ఆ వలస ఫలించినట్లే.