వార్తల్లో పదం: వాయు గ్రహాలు

బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు రాతి గ్రహాలు. గురుడు, శని వాయు గ్రహాలు. వీటిని రెండు వేర్వేరు జాతులుగా భావిస్తాం కానీ, మూలం ఒక్కటే. సుమారు 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడి చుట్టూ తిరిగిన ధూళి, వాయువుల నుంచే అన్నీ పుట్టాయి. తేడా తెచ్చింది పుట్టిన చోటు. సూర్యుడి దగ్గర వేడికి నీరు గడ్డకట్టలేదు; లోహాలు, రాతి పదార్థాలే గట్టిపడ్డాయి. దూరాన మంచు కూడా తోడై గ్రహాలు త్వరగా పెరిగాయి, చుట్టూ ఉన్న హైడ్రోజన్, హీలియంలను లాగేసుకున్నాయి. అందుకే గురుడి ద్రవ్యరాశి భూమికి 318 రెట్లున్నా, సగటు సాంద్రత భూమిలో నాలుగో వంతే.

కాలు మోపే నేలే లేనిదానికి భూమితో పోలికేమిటన్న ప్రశ్న సహజం. 1995 డిసెంబరులో గురుడి మేఘాల్లోకి దిగిన గెలీలియో ప్రోబ్ దాదాపు గంటసేపు సమాచారం పంపింది. దానికి నేలన్నది తగల్లేదు. అయితే భూమిలో ఉన్నలాంటి బరువైన మూలకాలు గురుడి గర్భంలోనూ హైడ్రోజన్‌తో కలిసి విస్తరించి ఉన్నాయని జూనో నౌక గురుత్వ కొలతలు సూచిస్తున్నాయి. పుట్టిన చోటే కారణమైతే, 1995లోనే బయటపడిన, మరో నక్షత్రానికి చెందిన వాయు గ్రహం 51 పెగాసి బి తన నక్షత్రాన్ని అతి దగ్గరగా, సుమారు నాలుగు రోజుల్లోనే ఎలా చుట్టేస్తోందన్నది మరో అభ్యంతరం. దూరంగా పుట్టి లోపలికి జరిగి ఉంటుందన్నది ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంగీకరించే వివరణ. కాబట్టి గ్రహాన్ని దాని పైరూపంతో కాక పుట్టుకతో, ప్రయాణంతో అర్థం చేసుకోవాలి.