బృందప్రసారము: లోపమును వెదకు క్రమము

విద్యార్థులారా! గుంటూరు యార్డులోని మిరపధరను ఒక పల్లెకు దెలుపుటకు మూడు మార్గములు గలవు. ఇంటింటికి బోయి చెప్పుట మొదటిది. ఊరంతటికి దండోరా వేయించుట రెండవది. పేర్లిచ్చిన రైతులను మాత్రమే కూర్చుండబెట్టి ఒక్కసారి చదివి వినిపించుట మూడవది. కంప్యూటర్ల విషయమున ఈ మూడవ మార్గమునకు మల్టీకాస్టు, అనగా బృందప్రసారము, అని పేరు. దీని నియమములను స్టీఫెన్ డీరింగు 1989లో ప్రకటించెను. 224.0.0.0 మొదలు 239.255.255.255 వరకు గల చిరునామాలు ఒక్కొక్క యంత్రమునకు గాక బృందములకు చెందియున్నవి.

గత సంవత్సరము మా కంప్యూటరు గదిలో లైనక్సు యంత్రమొకటి పాఠపు వీడియోను 20 యంత్రములకు పంపుచుండగా, నాలుగు నిమిషములు దాటగానే బొమ్మ నిలిచిపోయెను. మరల ప్రారంభించినను అంతియే జరిగెను. కడపట తీగలను సవరించిన బాలుని నేను గద్దించితిని. వాడు మౌనముగా నిలిచెను. ఆ మౌనమును నేరాంగీకారముగా నెంచితిని. పిమ్మట క్రమముగా పరీక్షించితిమి.

మొదటి ప్రశ్న: వినవలసిన యంత్రము బృందములో చేరెనా? నెట్‌స్టాట్ అను ఆజ్ఞకు ‘-జి’ చేర్చిన, చేరిన బృందముల పట్టీ కనబడును. మా యంత్రములన్నియు చేరియే యుండెను.

రెండవ ప్రశ్న: ప్యాకెట్లు వచ్చుచున్నవా? టీసీపీడంప్ అను పరికరము దీనిని చూపును. ప్యాకెట్లు వచ్చియు ప్రోగ్రామునకు అందనిచో, ఫైర్‌వాలును, ‘ఆర్‌పీ ఫిల్టర్’ అను కాపలాను శంకింపవలెను. రానిచో, పంపువాని వైపును నడిమి మార్గమును చూడవలెను. బృందప్రసారమునకు టీటీఎల్ సాధారణముగా 1 మాత్రమే గనుక అది రౌటరును దాటదు. పింగ్‌కు బదులు రానంతమాత్రమున లోపమున్నదనరాదు. బృందమునకు వచ్చిన పింగ్‌కు లైనక్సు సాధారణముగా బదులీయదు.

మా గదిలో నాలుగు నిమిషములవరకు ప్యాకెట్లు వచ్చి, ఆపై నిలిచిపోవుచుండెను. పంపు యంత్రము మాత్రము పంపుచునే యుండెను. కావున మూడవ ప్రశ్న: తీగలను గలుపు స్విచ్చి యేమి చేయుచున్నది? యంత్రములు ‘చేరితిమి’ అని ఐజీఎంపీ భాషలో పలుకు మాటను అది పొంచి విని, ఆ తీగలకే ప్యాకెట్లను పంపును. అయితే సుమారు 125 సెకండ్ల కొకసారి ‘ఇంకను ఉన్నారా?’ అని అడుగువాడొకడు ఉండవలెను. అడిగినగాని యంత్రములు మరల పలుకవు. 260 సెకండ్లు పలుకు వినబడనిచో స్విచ్చి ఆ పేర్లను కొట్టివేయును. మా గదిలో రౌటరు లేదు, అడుగువాడే లేడు! స్విచ్చియందే ఆ ప్రశ్నించు పనిని నియమింపగా పాఠము కడవరకు సాగెను.

ఆ బాలుని యందు ఏ దోషమును లేదు. మరునాడు తరగతి యెదుట వానిని క్షమాపణ వేడుకొంటిని. పలుకని యంత్రమును చెడినదని యెంచకుడు; పలుకని మనుష్యుని దోషియని యెంచకుడు. వారిని అడిగినవారు ఉన్నారో లేదో ముందుగా విచారింపుడు.