జంతు ప్రదర్శనశాలల్లో సంరక్షణ: జన్యుశాస్త్రం పాత్ర

ఒక జూలో పది సింహాలు ఉన్నాయనుకుందాం. వాటిలో మగది ఒక్కటే అయితే తర్వాతి తరంలో పుట్టే పిల్లలన్నీ ఒకే తండ్రి బిడ్డలు. వాటిని తమలో తాము జత కట్టించక తప్పదు. కాబట్టి తలలు లెక్కపెట్టడం ఒకటి, జన్యుపరంగా ఆ మంద బలం ఎంతో తెలుసుకోవడం మరొకటి. రెండోదాన్ని ‘ప్రభావక జనాభా పరిమాణం’ అంటారు. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతోనూ, తర్వాత నాలుగుతోనూ గుణించి, మొత్తం సంఖ్యతో భాగిస్తే అది వస్తుంది. ఒక మగ, తొమ్మిది ఆడ సింహాలుంటే 4×1×9÷10 = 3.6. అదే ఐదు మగ, ఐదు ఆడ అయితే సరిగ్గా 10.

దగ్గరి బంధువులు జతకడితే ఏమవుతుంది? ప్రతి జంతువులోనూ కొన్ని హానికర అంతర్గత జన్యువులు దాగి ఉంటాయి. అవి ఒక్క ప్రతిగా ఉన్నంతకాలం బయటపడవు. బంధువుల్లో అవే జన్యువులు ఉండే అవకాశం ఎక్కువ కనుక, పిల్లల్లో రెండు ప్రతులూ కలిసి లోపం బయటపడుతుంది. దీన్నే అంతఃప్రజనన క్షీణత అంటారు.

తెల్ల పులి రంగు కూడా అంతర్గత లక్షణమే. 1951లో రీవా ప్రాంతంలో పట్టుకున్న మోహన్ అనే తెల్ల పులిని దాని కూతురితోనే జతకట్టించి తెల్ల పిల్లలను పుట్టించారు. జూలో జనం మూగేది ఆ బోను దగ్గరే గాని, తెల్ల పులి వేరే జాతి కాదు, సంరక్షణ దృష్ట్యా దానికి ప్రత్యేక విలువా లేదు.

అందుకే జూలు వంశావళి పుస్తకాలు నిర్వహిస్తాయి. ఏ జంతువుకు మందలో బంధువులు తక్కువో దానికి ప్రజననంలో మొదటి అవకాశం ఇస్తారు. ఆరోగ్యంగా ఉండి చాలా పిల్లలను కన్న మగ జంతువును పక్కన పెట్టవలసి రావచ్చు. కొత్తవారికి ఇది వింతగా తోస్తుంది.

అయితే వంశావళి మొదటి పేజీలోనే పొరపాటు ఉంటే? అమెరికా జూలు 1981లో ఆసియా సింహాలకు ప్రజనన కార్యక్రమం ప్రారంభించాయి. రెండు వందలకు పైగా ఉన్న ఆ సింహాలన్నీ ఐదు మూల జంతువుల సంతతి. 1987లో స్టీఫెన్ ఓబ్రయన్ బృందం ప్రోటీన్లను పరీక్షించి, ఆ ఐదింటిలో రెండు స్వచ్ఛమైన ఆసియా సింహాలు కావని, వాటిలో ఆఫ్రికా రక్తం ఉందని తేల్చింది. రెండు ఉపజాతులూ చూపుకు ఇంచుమించు ఒకేలా ఉంటాయి కనుక కంటితో పట్టుకోవడం కష్టం. ఏళ్ల శ్రమ వృథా అయి, ప్రజననం ఆగిపోయింది. మన దేశంలోనూ చండీగఢ్ సమీపంలోని ఛత్‌బీర్ జూలో ఇలాంటి సంకర సింహాలే పెరిగాయి. చివరకు వాటి సంతానోత్పత్తిని నిలిపివేయవలసి వచ్చింది. ఆ జంతువుల తప్పేమీ లేదు. వాటిని బతికినంతకాలం పోషించాల్సిందే, సంతతిని మాత్రం పెంచకూడదు.

నేడు డీఎన్ఏ పరీక్షతో ఈ సంగతి ముందే తెలుసుకోవచ్చు. హైదరాబాదు అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాల ఈ కృషికి చెందినదే. అక్కడి శాస్త్రవేత్తల కృత్రిమ గర్భధారణ ప్రయత్నంతో 2006లో చుక్కల దుప్పి పిల్ల పుట్టింది. వీర్యాన్ని ద్రవ నత్రజనిలో నిల్వచేస్తే, చనిపోయిన జంతువు కూడా తర్వాతి తరానికి తండ్రి కాగలదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రెండు మగ, పద్ధెనిమిది ఆడ జంతువులున్న మందకు ప్రభావక జనాభా పరిమాణం ఎంత? (జవాబు: 7.2)
2. ఆ మందకు బయటి నుండి రెండు జంతువులను తెచ్చే వీలుంటే మగవాటిని తెస్తారా, ఆడవాటిని తెస్తారా? లెక్కతో చూపండి.