విత్తనం ఎవరిది?

2024 ఏప్రిల్ 19న మన మొయినాబాద్ వైపు రోడ్ల మీద కాలు పెట్టే సందు లేదు, గుర్తుందా బిడ్డలారా? చిలుకూరు బాలాజీ గుడిలో గరుడ ప్రసాదం పెడతారని, అది తింటే పిల్లలు లేనోళ్లకు కడుపు పండుతుందని మాట పాకింది. తెల్లారేసరికి హైదరాబాద్ నుంచి బండ్లు ఒకదాని వెనక ఒకటి బారులు తీరినయి. పిల్లల కోసం ఎన్ని ఇండ్లు ఎదురుచూస్తున్నాయో ఆ రోజు రోడ్డే చెప్పింది.

వాళ్ల నమ్మకానికి నేను దండం పెడతా. నా బాధ వేరే. అట్లాంటి ఇంట్లో మొదటి మాట కోడలి మీదే పడుతుంది. మగవాడిది విత్తనం, ఆడదాన్ది భూమి, మొలవలేదంటే భూమిదే తప్పు అంటారు. ఆ లెక్క తప్పని చెప్పడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, చేవెళ్ల దాకా పోయి మక్క చేను చూస్తే చాలు. మక్క చెట్టు నెత్తిన వచ్చే జల్లు మగపువ్వు. నడుమున కంకి, దాని కొసన వేలాడే మెత్తటి పీచు ఆడపువ్వుది. జల్లులోంచి పుప్పొడి రాలి పీచు మీద పడుతుంది. ఒక్కో పోగూ లోపల ఒక్కో గింజ కట్టే చోటికి పోతుంది. పుప్పొడి అందని పోగు దగ్గర గింజ కట్టదు. కంకులు కాల్చుకునేటప్పుడు మధ్యలో బోడి చోట్లు చూసే ఉంటారు, అవే అవి. మరి విత్తనం జల్లులో ఉందా, కంకిలో ఉందా? రెండూ కలిసిన తర్వాతే అది విత్తనం. మనుషుల్లోనూ అంతే.

అమ్మ వైపు నుంచి మొదలుపెడతా. పొత్తికడుపులో గర్భసంచి ఉంటుంది, మామూలప్పుడు పిడికిలంత. దాని పైభాగంలో చెరో పక్కన 10, 12 సెంటీమీటర్ల సన్నటి గొట్టం. ఆ గొట్టాల కొసల దగ్గర చెరో అండాశయం, 3 సెంటీమీటర్లు ఉంటుందేమో. ఆడపిల్ల పుట్టేటప్పటికే రెండిట్లో కలిపి 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి. పెద్దమనిషి అయ్యేనాటికి 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తం మీద బయటికొచ్చేవి 400 చిల్లర. ఇప్పుడు ఒక ముచ్చట వినండి. మీ అమ్మ ఇంకా మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే, ఇవాళ మీరై నా ముందు కూర్చున్న ఆ అండం తయారైపోయింది. మీలో సగాన్ని కొన్నాళ్లు అమ్మమ్మ కూడా మోసిందన్నమాట! తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నెలకొక అండం పండి బయటికి వస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు. అంతదానికే ఒంట్లోని కణాలన్నిటిలోకీ పెద్దదన్న పేరు. గొట్టం కొసన ఉండే కుచ్చు దాన్ని లోపలికి తీసుకుంటుంది, లోపలి నూగు మెల్లగా ముందుకు జరుపుతుంది. దాని ఆయుష్షు ఒక్క రోజు. కలయిక జరిగేది కూడా ఆ గొట్టంలోనే, చాలామంది అనుకున్నట్టు గర్భసంచిలో కాదు. కలిసిన పిండం వారం లోపు గర్భసంచిలోకి దిగి, మెత్తగా పెరిగిన లోపలి పొరలో అంటుకుంటుంది. పిండం రాకపోతే ఆ పొర రాలిపోతుంది, అదే నెలసరి. అందులో మైల ఏముంది, చెప్పండి?

ఇక నాన్న వైపు. వృషణాలు ఒంటి బయట సంచిలో ఉండేది ఊరికే కాదు. ఒంటి వేడికన్నా 2, 3 డిగ్రీలు తక్కువ ఉంటేనే శుక్రకణాలు సరిగ్గా తయారవుతాయి. చలేస్తే సంచి ముడుచుకుని ఒంటికి దగ్గరవుతుంది, వేడికి సాగి కిందికి దిగుతుంది. ఒక్కో కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఆ తర్వాత చుట్టలు చుట్టుకుని ఉన్న సుమారు 6 మీటర్ల గొట్టం దాటేటప్పుడు దానికి ఈదే శక్తి వస్తుంది. ఒక్కసారికి కోట్ల కణాలు బయల్దేరినా అండం దాకా చేరేవి కొన్ని వందలే. ఒకటి లోపలికి పోగానే అండం తలుపు మూసేస్తుంది.

భూమీ విత్తనం లెక్క మన ఊళ్లదే అనుకోకండి. శుక్రకణాన్ని 1677లో లీవెన్‌హుక్ అనే ఆయన భూతద్దంలో చూశాక, 1694లో హార్ట్‌సోకర్ అనే ఆయన దాని తలలో ముడుచుకుని కూర్చున్న బుల్లి మనిషి బొమ్మ గీశాడు. అమ్మ వాటా సున్నా! పాలిచ్చే జంతువుల అండాన్ని ఫాన్ బేర్ అనే ఆయన 1827లో కుక్కలో కనిపెట్టేదాకా అది ఎవరి కంటికీ ఆనలేదు. ఇప్పుడైతే లెక్క తేలిపోయింది. అమ్మ నుంచి 23 క్రోమోజోములు, నాన్న నుంచి 23. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మాత్రం అమ్మ ఇచ్చేదే. ఆడపిల్లా మగపిల్లాడా అన్నది నాన్న పంపేది ఎక్స్ క్రోమోజోమా, వై క్రోమోజోమా అన్నదాని మీద ఉంటుంది. ఆడపిల్లలే పుడుతున్నారని కోడలిని తిట్టే అత్తకు ఈ ఒక్క సంగతి ఎవరైనా చెప్పాలి.

మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో తంగరాజ్ అనే శాస్త్రవేత్త గారి బృందం చాన్నాళ్లుగా మగవాళ్లలో సంతానం కలగకపోవడానికి కారణాలు వెతుకుతోంది. 2024లో టెక్స్13బి అనే జన్యువు సంగతి బయటపెట్టారు. అది సరిగ్గా లేకపోతే శుక్రకణాలు తయారవడం దెబ్బతింటుంది. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అందుకే డాక్టర్లు మొదట్లోనే మగవాడికి వీర్య పరీక్ష రాస్తారు. కోత లేదు, నొప్పి లేదు, డబ్బులూ పెద్దగా కావు. ఆడవాళ్లకు గొట్టాలు తెరిచి ఉన్నాయో లేదో చూడాలంటే ఎంత తిప్పలో! ఫలితం సరిగ్గా రాకపోతే కంగారు పడొద్దు. జ్వరమొచ్చి తగ్గినా కొన్నాళ్లు కణాలు తగ్గుతాయి. కొత్తవి తయారవడానికి రెండున్నర నెలలని చెప్పాను కదా, మూడు నెలలాగి ఇంకోసారి చేయిస్తే అసలు సంగతి తెలుస్తుంది.